పొగలేని పొయ్యి పెట్టగానే సరా?

విత్తనాల గురించీ ఎరువుల గురించీ ఎన్నోసార్లు చెప్పుకున్నాము. ఇవాళ పొయ్యి సంగతి చెప్పుకుందాము. ఇది ఆడవాళ్ళ విషయం, మాకెందుకని లేచిపోకండి. కర్ర కొట్టి తెచ్చేదీ, ఇంటికి తాటాకు కప్పించేదీ మీరే కదా!

మట్టి పొయ్యికి పొగగొట్టం అమర్చాలనే ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చుల్హా అనే పొయ్యిని తయారు చేశారు. మన తెలుగుగడ్డ మీద ఆ పనికి పూనుకొన్నది హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయం. అక్కడి డాక్టరు ఎస్.పి. రాజుగారు లక్షలాది ఇళ్ళలో పొగలేని వంటిళ్ళు ఎలా ఏర్పడగలవో వివరిస్తూ ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వ్రాశారు. అది 1953లో మద్రాసులో అచ్చయింది. పొగ, మసి, వేడి, వృథా, అగ్నిభయం – ఈ అయిదింటి నుంచి ఇల్లాలికి విముక్తి కలగాలని ఆయన కోరిక.

ఆ పొయ్యిలో మర్మమేమీ లేదు. మంట మొదటి కుండ క్రింద ఉంటుంది. ఆ సెగ లోపలి సొరంగంలోంచి సాగి తక్కిన కుండలను కూడా కాచి, చివరకు గొట్టంలోంచి పైకి పోతుంది. గాలి ఎక్కువ లాగితే సెగ అంతా ఆకాశం పాలవుతుంది. అందుకని మధ్యలో ఒక అడ్డరేకు పెట్టారు. దాన్ని అటూ ఇటూ జరిపితే మంట మన చెప్పుచేతల్లో ఉంటుంది.

తరువాత కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల పథకం ప్రారంభించింది. 2002లో అది ముగిసేనాటికి దేశంలో మూడుకోట్లకు పైగా పొయ్యిలు పెట్టామని లెక్క తేలింది. మరి ఆ పొయ్యిలన్నీ ఏమైనట్టు?

దీనికి జవాబు మన ఇరుగునే దొరుకుతుంది. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా. 1936కు పూర్వం ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ ఆ జిల్లాలోనివే. అక్కడ పనిచేసే గ్రామ్ వికాస్ సంస్థ ఒడిశా పల్లెల్లో గొట్టపు పొయ్యిలు కట్టించింది. రీమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే పరిశోధకులు 44 ఊళ్ళలో సుమారు 2,600 కుటుంబాలను నాలుగేళ్ళ వరకు గమనించి, 2012లో ఫలితం వెల్లడించారు. మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. ఆపైన ఆ మేలు కనబడలేదు. కర్ర ఖర్చూ తగ్గలేదు. పొయ్యిలు బీటలిచ్చాయి, బాగుచేసేవారు లేరు. గొట్టాలు మసితో పూడాయి. జనం పాత పొయ్యికే మళ్ళారు.

తప్పు ఇల్లాలిదంటారా? నేను ఒప్పుకోను. కట్టించి వెళ్ళినవారు మళ్ళీ తిరిగి చూడకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? పైగా పొగకు కొన్ని ఉపయోగాలున్నాయి. పొయ్యి పైన వేలాడదీసిన జొన్నపొత్తు విత్తనానికి పురుగు పట్టదు, కప్పు చెదలు తినదు. సీతంపేట కొండల్లో సవరలకు ఈ సంగతి బాగా తెలుసు. పొగ తీసివేస్తే విత్తనం దాచడానికి వేరే దారి చూపాలి. ఆ మాట చెప్పకుండా గొట్టం పెట్టమంటే ఎవరు వింటారు?

ఇప్పుడు పనిలోకి వద్దాము. పొగంటే కాలని కర్రే. అప్పుడే కొట్టిన సరుగుడు కర్ర బరువులో సగం దాకా నీరే ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట ఖర్చవుతుంది. చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, పైన కప్పు వేసి ఆరు నెలలు ఆరనివ్వండి. మణికట్టు లావుకు మించి పెట్టకండి. ఒకేసారి కుక్కకుండా రెండు మూడు పుల్లలు తోస్తూ ఉంటే చాలు. ప్రతి ఉదయం బూడిద తీసేయండి. బూడిద నిండితే గాలి ఆడదు. కుండకూ కంతకూ మధ్య సందు ఉంటే పొగ అక్కడినుంచే ఇంట్లోకి వస్తుంది. బీటలను మట్టి, పేడ కలిపి అలకాలి.

గొట్టంలో మసిని నెలకొకసారైనా దులపాలి. పొడుగాటి వెదురుకు గోనెపట్టా చుట్టి, పొయ్యి చల్లారాక, పైనుంచి క్రిందికి తోయండి. పేరుకున్న మసి అంటుకుంటే నిప్పురవ్వలు తాటాకు మీద పడతాయి. వేసవిలో పడమటి గాలి వీచేటప్పుడు ఒక్క రవ్వతో వీధంతా కాలిపోగలదు. గొట్టం కప్పుకు రెండడుగులు పైన ఉండాలి. దాని చుట్టూ తాటాకు తీసి రేకు బిగించాలి. పాత ఆస్బెస్టాసు గొట్టం పగిలితే కోయకండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పలాస వైపువారు జీడిపిక్కల తొక్కను ఇంటి పొయ్యిలో వేయవద్దు. ఆ నూనె పొగ కళ్ళనూ చర్మాన్నీ మండిస్తుంది. మంట రగిలించడానికి కిరసనాయిలు వద్దు. చలికాలంలో నిప్పుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోకండి. అందులోనుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో చాలా ఇళ్ళకు గ్యాసు వచ్చింది. గ్యాసు ఉన్నచోట వంట దానిమీదే చేయండి. కానీ నీళ్ళకూ, పశువుల దాణాకూ కట్టె పొయ్యి ఇంకా చాలాచోట్ల వెలుగుతూనే ఉంది. విస్తరణ కార్యకర్తలారా, పొయ్యి కట్టించిన ఇంటికి ఆరు నెలల తరువాత వెళ్ళండి. గొట్టం అడుగున చేయి పెట్టి మసి ఎంత మందాన పేరుకుందో చూడండి. ఊళ్ళో ఒక మేస్త్రికి ఆ పని నేర్పి, మళ్ళీ ఎప్పుడు వస్తాడో ఇల్లాలికి చెప్పించి రండి.