దస్తరము పెంచువేళ ఒక క్షణపు పొరపాటు



మన ఉత్తర తెలంగాణమునకు దస్తరములు మారుట క్రొత్త కాదు. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లా అయ్యెను. ఆ కాలముననే ఆదిలాబాదు పేరట ఒక జిల్లా వెలసెను. 1954-55లో ఖాస్రా పహాణీ వ్రాసిరి. 1984లో పట్వారీల వ్యవస్థ రద్దయ్యెను. 2016లో ఆదిలాబాదు ఒక్కటే నాలుగు జిల్లాలయ్యెను. కాగితములు కదలిన ప్రతిమారును రైతునకు ఒకటే భయము: ఈ సందడిలో నా సర్వే నంబరు జారిపోదు గదా!

నేడు లెక్కలు కంప్యూటరు డిస్కులలో చేరినవి. భయము మాత్రము పోలేదు. ఆ భయమునకు పండితులు కనిపెట్టిన విరుగుడు కథయే నేటి ప్రసంగము.

డిస్కు ఏనాడైనను చెడిపోవును. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు, చవుక డిస్కులను కొన్నింటిని జతపరచి, ఒకటి చెడినను లెక్క పోని పద్ధతులను వివరించి, వానికి రెయిడ్ అని పేరిడిరి. అందొక పద్ధతి ఇట్టిది. మూడు మళ్ల పంట 7, 5, 3 పుట్లు. మొత్తము 15 అని వేరుగా వ్రాసికొంటిమి. నడిమి అంకె చెరిగిపోయినను, 15లో 10 తీసివేసినచో 5 దొరకును. కంప్యూటరు గణితము కొంత వేరైనను న్యాయమిదియే. ప్రత్యేక యంత్రము లేక ప్రోగ్రామే ఈ పని చేసినచో అది సాఫ్టువేరు రెయిడ్.

కొంతకాలమునకు చోటు చాలదు; మూడు డిస్కులకు నాలుగవది చేర్చవలెను. చెరువుకట్టను వేసవిలో, నీరెండినపుడు పెంచుదుము. దస్తరమునకు అట్టి వేసవి లేదు. పని సాగుచుండగనే పెంచవలెను. లినక్సు అను ఉచిత వ్యవస్థలో ఈ నేర్పును ఆస్ట్రేలియా దేశస్థుడు నీల్ బ్రౌన్ సమకూర్చెను. 2006 జూన్‌లో వెలువడిన 2.6.17 సంచికలో అది చేరెను.

చిక్కెక్కడ నున్నది? వరుసకు రెండు పేర్లున్న పుస్తకమును, అదే పుస్తకములో, వరుసకు మూడు పేర్లుగా తిరుగవ్రాయుచున్నారనుకొనుడు. మొదటి వరుసలలో క్రొత్త వ్రాత ఇంకను కదలని పాత వ్రాతపైననే పడును. అప్పుడు దీపమారినచో రెండును నశించును. కావున ఆ కొన్ని వరుసలను ముందే వేరొకచోట నకలు తీసి ఉంచుదురు. ఎంతవరకు తిరుగవ్రాసితిమో ఆ హద్దును కూడ, పాతచోటు చెరుపక పూర్వమే, డిస్కుపై గుర్తింతురు.

అంతకంటె సూక్ష్మమైనది క్షణదోషము. రైతొకడు పేరు మార్పునకు వచ్చెను. గుమాస్తా హద్దు చూచెను. ఆ పేరింకను పాతవైపున నున్నది. అతడు పుట కొరకు వేచియుండగా, తిరుగవ్రాయువాడు ఆ పేరును దాటిపోయెను. గుమాస్తా తానెరిగిన పాతచోటనే మార్పు వ్రాసెను. క్రొత్తచోట పాతపేరే నిలిచెను. ఇద్దరిలో ఎవరును తప్పు చేయలేదు. ఐనను భూమి అన్యుని పేర నుండిపోయెను! ఇట్టి దోషము వేయిమార్లలో ఒక్కమారు కనబడి, వెదకబోయిన మాయమగును.

దీనికి ప్రోగ్రాములో ఉంచిన కట్టుబాటు రెండు మాటలు. పుట చేతికి వచ్చిన పిదప, తాళము వేసికొని, హద్దును మరల చూడవలెను. అది దాటిపోయినచో పని మొదటినుండి చేయవలెను. పుట ఒకరి చేతనుండగా తిరుగవ్రాయువాడు ఆగవలెను. ఇంతే.

పెద్దలారా, ముందు చూచితినన్న ధీమాయే ఇచట చేటు తెచ్చినది. పొలము కొనువేళ నిన్నటి పహాణీని నమ్మక, సంతకమునాడు మరల చూచుట మీరెరిగిన నీతియే. యంత్రమునకును మనుష్యుడు ఆ నీతినే నేర్పవలసివచ్చెను.