స్వాతంత్ర్యానికి ముందటి వెనిజులా: సమాజం, ఆర్థిక వ్యవస్థ

దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని వెనిజులా దాదాపు మూడు వందల ఏళ్లు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. 1498లో కొలంబస్ తన మూడో యాత్రలో ఈ తీరానికి వచ్చాడు. 1811 జులై 5న ఇక్కడి ప్రతినిధుల సభ స్వాతంత్ర్యం ప్రకటించింది. మెక్సికో, పెరూలలో ఉన్నంత వెండి ఇక్కడ లేదు కాబట్టి స్పెయిన్ రాజులు చాలాకాలం ఈ ప్రాంతాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మొదట్లో కుబాగువా దీవి దగ్గర ముత్యాల కోసం స్థానికుల చేత బలవంతంగా సముద్రంలో మునకలు వేయించారు. కొన్ని దశాబ్దాలకే ముత్యపు చిప్పలు అడుగంటాయి. 1528లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఈ ప్రాంతాన్ని వెల్సర్లనే జర్మన్ వర్తక కుటుంబానికి అప్పగించాడు. బంగారం కోసం వాళ్లు చేసిన వెతుకులాట 1546కల్లా ముగిసిపోయింది. కారకాస్ నగరం 1567లో వెలిసింది.

కోకో తోటలు

వలసకు నిలకడైన సంపద కోకోతోనే వచ్చింది. పదిహేడో శతాబ్దంలో కారకాస్ చుట్టుపక్కల లోయల్లో తోటలు విస్తరించాయి. గింజలు ఓడల్లో మెక్సికోలోని వెరాక్రూజ్ రేవుకు వెళ్లేవి, బదులుగా వెండి నాణేలు వచ్చేవి. కోకో మొక్క నేరుగా పడే ఎండకు తాళదు. గోదావరి జిల్లాల్లో ఇవాళ కొబ్బరి నీడన పెంచుతున్నట్టే అక్కడ ఎత్తైన బుకారే చెట్ల నీడన పెంచేవారు. కోతలు ఏడాదికి రెండు, ఒకటి జూన్ ప్రాంతంలో, ఇంకొకటి డిసెంబరులో. కాయ పగలగొట్టి, గింజల్ని పులియబెట్టి, ఆరుబయట ఆరబోసేవారు. ఈ పని చేసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ల సంతానం. 1799-1800లో ఈ ప్రాంతమంతా తిరిగిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ లెక్క ప్రకారం వెయ్యి చెట్లకు ఒక బానిస చాలు. ఆ చెట్ల దిగుబడి ఏటా 12 ఫనేగాలు, అంటే సుమారు 600 కిలోలు. తిండిగింజల కోసం బానిసలకు చిన్న భూమి చెక్కలు వదిలేవారు. అది దయ అనుకోనక్కర్లేదు, వాళ్ల తిండి ఖర్చు యజమానికి అలా తప్పేది.

కంపెనీ, దొంగ వ్యాపారం

డచ్చివాళ్లు 1634లో పక్కనే ఉన్న కురసావో దీవిని పట్టుకున్నాక తీరమంతా దొంగ వ్యాపారం పెరిగింది. వాళ్లు గుడ్డలు, పనిముట్లు, బానిసలు ఇచ్చి కోకో తీసుకుపోయేవారు. దాన్ని అరికట్టడానికి 1728లో స్పెయిన్ ఒక బాస్క్ కంపెనీకి గుత్త హక్కు ఇచ్చింది. దాని పేరు గిపుస్కోవా కంపెనీ. అది కోకోను చవగ్గా కొని, ఐరోపా సరుకును ఎక్కువ ధరకు అంటగట్టింది. 1749లో హువాన్ ఫ్రాన్సిస్కో దె లియోన్ అనే రైతు వందలమందిని వెంటబెట్టుకుని కారకాస్ మీదికి వచ్చి, కంపెనీని వెళ్లగొట్టమన్నాడు. ఉద్యమాన్ని అణిచేశాక ప్రభుత్వం అతని ఇల్లు కూలగొట్టించి, ఆ స్థలంలో ఉప్పు చల్లించింది. కంపెనీ మాత్రం 1785 దాకా నడిచింది.

ఆ శతాబ్దం చివర్లో అరాగువా లోయలో నీలిమందు, ఆ తర్వాత కాఫీ పంటలు వచ్చాయి. దక్షిణాన లానోస్ మైదానాల్లో పశువులు, తోళ్లే ఆస్తి. 1789లో స్వేచ్ఛా వాణిజ్య విధానం ఇక్కడికీ వర్తించింది కానీ, 1796లో మొదలైన ఇంగ్లండు యుద్ధంతో స్పెయిన్ ఓడల రాకపోకలు దెబ్బతిన్నాయి.

రంగును బట్టి అంతస్తు

1800 ప్రాంతంలో జనాభా ఎనిమిది, తొమ్మిది లక్షలు ఉండేది. అందులో దాదాపు సగం పార్దోలు, అంటే మిశ్రమ సంతతికి చెందిన స్వతంత్రులు. బానిసలు 60,000 పైచిలుకు. పైన మంతువానోలనే కొద్దిపాటి తెల్ల భూస్వామ్య కుటుంబాలు. తర్వాత స్వాతంత్ర్య పోరాటాన్ని నడిపిన సిమోన్ బొలీవర్ పుట్టింది అలాంటి ఇంట్లోనే. తోటలు, నగర సభ వాళ్ల చేతుల్లో ఉన్నా, పెద్ద పదవులు మాత్రం స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లకే దక్కేవి.

మంతువానోల పట్టింపు తెల్లవాళ్లనూ వదల్లేదు. కేనరీ దీవుల నుంచి వచ్చిన గుడ్డల వ్యాపారి సెబాస్టియన్ దె మిరాందాను 1769లో సైనిక దళానికి కెప్టెన్‌గా నియమిస్తే, దుకాణదారుకు ఆ యూనిఫాం ఏమిటని గొడవ చేశారు. చివరికి రాజే అతని పక్షాన తీర్పు చెప్పాల్సి వచ్చింది. అతని కొడుకు ఫ్రాన్సిస్కో దె మిరాందా తర్వాత స్వాతంత్ర్య పోరాటానికి తొలి నాయకుల్లో ఒకడయ్యాడు.

1795లో ఇంకో చిచ్చు రేగింది. రుసుము చెల్లించిన పార్దోలకు పార్దో అనే హోదా నుంచి మినహాయింపు ఇస్తూ రాజశాసనం వచ్చింది. ధర 500 రియాళ్లు. కారకాస్ నగర సభ భగ్గుమంది. దియేగో మెహియాస్ బెహరానో అనే పార్దో మినహాయింపు సంపాదించినా, విశ్వవిద్యాలయం అతని కొడుకును చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది మేలో కోరో ప్రాంతంలో హోసే లియోనార్దో చిరినో నాయకత్వాన బానిసలు, స్వతంత్ర నల్లవాళ్లు తిరగబడ్డారు. బానిసత్వం రద్దు, పన్నుల రద్దు వాళ్ల కోరికలు. 1796 డిసెంబరులో అతన్ని కారకాస్‌లో ఉరితీశారు. హైతీలో బానిసల తిరుగుబాటు వార్తలు అప్పటికే చేరుతున్నాయి. మంతువానోలకు స్పెయిన్ గుత్త వర్తకం మీద ఎంత కోపమో, కింది వర్గాల సమానత్వం అన్నా అంత భయం. ఆ రెంటి మధ్య నలిగినవాళ్లే 1810 ఏప్రిల్ 19న స్పెయిన్ అధికారిని గద్దె దింపారు.

1811 రాజ్యాంగం పార్దోలను కించపరిచే చట్టాలను కొట్టేసింది. ఓటు హక్కును ఆస్తికి ముడిపెట్టింది. బానిసల దిగుమతి నిషిద్ధమైంది కానీ తోటల్లో ఉన్నవాళ్లు బానిసలుగానే ఉండిపోయారు. వాళ్లకు విడుదల 1854లో వచ్చింది.