చెరపని చిట్టా

మా తాతగారు అస్కా బజారులో ఒక టోకు కొట్టులో చాలా ఏళ్ళు గుమస్తాగా పనిచేశారు. లెక్కలు ఆయన దగ్గరే నేర్చుకున్నాం గనక మా ఇంట్లో ఎవరం రబ్బరు ముట్టుకోం. అంకె తప్పు పడితే దాని మీద ఒక గీత కొట్టాలి. కింద అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె వేసి పొడి సంతకం పెట్టాలి. "చెరిపేస్తే ఎవడు చెరిపాడో తెలీదురా" అంటారు తాతగారు. ఈ ఏడాది కంప్యూటరు పీరియడులో సార్ లినక్స్ గురించి చెప్తుంటే నాకు ఆ గీతలే గుర్తొచ్చాయి.

లినక్స్‌ను 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థి. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, బాగుచేసి పంపొచ్చు. మొదట్లో మార్పులన్నీ ఈమెయిల్‌లో లైనస్‌కే వెళ్ళేవి. ఆయనే చూసి కలిపేవారు. 1998 నాటికి ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాకుండా పోయింది, పంపినవి మధ్యలో తప్పిపోయేవి. 2002లో మార్పుల లెక్క ఉంచడానికి బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. అది నచ్చనివాళ్ళ కోసం అదే కోడ్‌కు సీవీఎస్ అనే ఇంకో పద్ధతిలో నకలు ఉండేది.

2003 నవంబరులో ఆ నకలులో రెండు లైన్లు ఎక్కువ కనిపించాయి. అసలు పుస్తకంలో అవి లేవు, ఎవరూ ఆమోదించలేదు. సీ భాషలో రెండు విలువలు సమానమా అని అడగాలంటే "==" రాస్తాం. "=" ఒకటే రాస్తే అది ప్రశ్న కాదు, విలువ మార్చెయ్యమనే ఆజ్ఞ. ఆ లైన్లలో వాడుకరి సంఖ్య 0 అవునా అని అడుగుతున్నట్టు రాసి, ఒక్క సమాన గుర్తు తగ్గించారు. 0 అంటే లినక్స్‌లో యజమాని. గుట్టు తెలిసినవాడెవడైనా ఆ కంప్యూటరుకి యజమాని అయిపోవచ్చు! పరీక్షలో మేం చేసే తప్పులాగే ఉంది గానీ ఇది తప్పు కాదు, దొంగతనం. రెండు ప్రతులూ పోల్చినప్పుడు తేడా వచ్చింది కాబట్టి బయటపడింది. చేసినవాడెవడో తేలలేదు.

ఇది చెప్తే తాతగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతి చెప్పారు. ఒకసారి గల్లాపెట్టెలో 600 రూపాయలు తగ్గాయి. చిట్టాలో ఒక చెల్లింపు 720 అని ఉంది. సరుకు ఇచ్చినాయన తనకు ముట్టింది 120 అన్నాడు. రాత తాతగారిదే, అనుమానమూ ఆయన మీదే. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తిరిగారట. చివరికి ఆవర్జా తీయించారు. ఏ రోజు లెక్క ఆ రోజు సాయంత్రమే చిట్టాలోంచి ఆవర్జాకి ఎక్కించడం ఆయన అలవాటు. అందులో 120 అనే ఉంది. చిట్టా పగలంతా బల్ల మీద ఉంటుంది, ఆవర్జా పెట్టెలో ఉంటుంది. 1ని 7 చేసినవాడికి ఆ రెండో పుస్తకం గుర్తులేదు. మరి పొడి సంతకం లేని దిద్దుబాటును ముందే ఎందుకు అనుమానించలేదని అడిగాను. "దిద్దినట్టు కనబడితే కదా!" అన్నారు.

లినక్స్‌లో సంతకం 2004లో వచ్చింది. అంతకుముందు ఏడాది ఎస్‌సీఓ అనే కంపెనీ, తన కోడ్‌ను లినక్స్‌లో కలిపారంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఏ లైను ఎవరు తెచ్చారో చూపించాల్సి వచ్చింది. అప్పటినుంచి మార్పు పంపేవారు "ఇది పంపే హక్కు నాకుంది" అన్న అర్థంతో కింద పేరు రాయాలి. ఆ మార్పు ఆ విభాగం చూసే నిర్వాహకుడి చేతికి వెళ్తుంది. ఆయన, ఇతరులు చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, చాలాసార్లు తిప్పి పంపుతారు. ఒప్పుకుంటే నిర్వాహకుడు కూడా తన పేరు కింద చేరుస్తాడు. చివరికి లైనస్ దగ్గరికి వెళ్తుంది.

2005 ఏప్రిల్‌లో బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోతే లైనస్ గిట్ రాశారు. అందులో ప్రతి మార్పుకీ 40 అక్షరాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కట్టేటప్పుడు ముందటి మార్పు గుర్తునీ కలిపి లెక్కిస్తారు. వెనక పేజీలో ఒక్క అక్షరం మార్చినా తర్వాతి గుర్తులన్నీ మారిపోతాయి. అంటే 1ని 7 చేసి ఊరుకోవడం కుదరదు.

అయినా 2024లో మోసం జరిగింది, లినక్స్‌లో కాదు, చాలా లినక్స్ కంప్యూటర్లలో ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టులో. దాన్ని చాలాకాలం ఒకే మనిషి జీతం లేకుండా చూసుకున్నాడు, అలిసిపోయాడు. జియా తాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా మంచి పనులు చేసి నమ్మకం సంపాదించి, దొంగ కోడ్ దూర్చారు. గిట్‌లో ఉన్నదానికీ, జనానికి పంచిన మూటలో ఉన్నదానికీ తేడా ఉంది. ఎవరూ పోల్చలేదు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వెతికితే మార్చి 29న బయటపడింది. నియమాలు లేక కాదు, చదివే మనిషి లేక జరిగిందని నాకనిపిస్తుంది.

తాతగారికి ఇదీ చెప్పాను. "రెండు పుస్తకాలూ పోల్చే మనిషిని ఇప్పుడైనా పెట్టారా?" అన్నారు. సార్‌ని అడిగి చెప్తానన్నాను.