ఛానల్ మార్చగానే స్పీకర్‌లో ‘టప్’ శబ్దమా? కారణాలు, జాగ్రత్తలు

పరిగి: షాదీఖానాలో నికాహ్ ఖుత్బాకు ముందు, మీలాద్ జల్సాలో నాత్ చదివే పిల్లాడికి మైక్ ఇచ్చేటప్పుడు, మసీదులో ఫజర్ అజాన్‌కు మైక్ ఆన్ చేసినప్పుడు చాలాచోట్ల ముందుగా వినిపించేది పెద్ద ‘టప్’. పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు, పసిపిల్లలు ఏడుస్తారు. ‘పాత మెషిన్ కదా’ అని వదిలేస్తుంటారు. కానీ చాలాసార్లు ఇది తగ్గించుకోగల లోపమే. పట్టించుకోకపోతే స్పీకర్‌కే నష్టం.

ఎందుకు వస్తుంది?

మైక్ నుంచి వచ్చే మాట ఎప్పుడూ పైకీ కిందికీ ఊగే కరెంటు. ఆంప్లిఫయర్ లోపలి భాగాలు పనిచేయడానికి కావాల్సింది మాత్రం ఊగని డీసీ కరెంటు. ఈ డీసీ ముందుకు పోకుండా ఆపి, మాటను మాత్రమే పంపేది కెపాసిటర్. అది పాతబడి లీకైతే కొంత డీసీ స్విచ్ దాకా వస్తుంది. స్విచ్ వేయగానే ఆ వోల్టేజీ ఒక్కసారిగా మారి, స్పీకర్‌ను తన్నినట్టు కదిలిస్తుంది. అదే ‘టప్’.

గిటార్ ఆంప్లిఫయర్లలో ఇది పాత సమస్యే. మామూలు శబ్దానికి ఒక ఛానల్, గరగర శబ్దానికి ఇంకో ఛానల్ ఉంటాయి. పాట మధ్యలోనే కాలితో స్విచ్ నొక్కి మారుస్తారు. అమెరికాకు చెందిన మెసా బూగీ కంపెనీ మార్క్ టూ ఆంప్లిఫయర్లలో కాలి స్విచ్‌తో ఛానల్ మార్చే వీలు కల్పించింది. తర్వాత మార్క్ టూ సీ రకంలో కాంతితో పనిచేసే స్విచ్‌లు పెట్టి ఆ శబ్దాన్ని తగ్గించింది. ఆ స్విచ్‌లోని వెలుతురుకు స్పందించే రెసిస్టర్ నిరోధం మెల్లగా మారుతుంది కాబట్టి వోల్టేజీ కూడా ఒక్కసారిగా దూకదు.

లోపం ఎక్కడుందో ఇలా తెలుస్తుంది

* మొదటిసారి గట్టిగా, వెంటనే మళ్లీ నొక్కితే మెల్లగా వస్తే: స్విచ్ దగ్గర మిగిలిన చార్జి దిగిపోయే దారి లేదని అర్థం. అక్కడ ఒక మెగా ఓమ్ లాంటి పెద్ద రెసిస్టర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది.
* ప్రతిసారీ ఒకేలా గట్టిగా వస్తే: కెపాసిటర్ లీకేజీపై అనుమానించాలి.
* నాబ్ తిప్పుతుంటే ‘ఖర్ ఖర్’ వస్తే: ఎక్కువగా దుమ్మే కారణం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడాలి.
* ఆగకుండా ‘గుయ్’ మంటుంటే: అది వేరే సమస్య. ఎర్తింగ్, వైర్లు చూపించాలి.

ఇంట్లో, మసీదులో పాటించాల్సినవి

* ఆన్ చేసేటప్పుడు ముందు మిక్సర్, చివర ఆంప్లిఫయర్. ఆఫ్ చేసేటప్పుడు ముందు ఆంప్లిఫయర్.
* ఛానల్ మార్చే ముందు, పిన్ను పెట్టే లేదా తీసే ముందు వాల్యూమ్ సున్నాకు తేవాలి.
* కండెన్సర్ మైకులకు వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ స్విచ్‌ను ఛానల్ మ్యూట్‌లో పెట్టాకే వేయాలి.

మినార్ మీది హార్న్‌కు ఈ జాగ్రత్త మరీ అవసరం. దాని లోపలి డయాఫ్రమ్ చాలా పల్చన. పెద్ద వాల్యూమ్‌లో పదేపదే తగిలే దెబ్బకు అది పగలవచ్చు. కెపాసిటర్ కొన్ని రూపాయల్లో వస్తుంది. హార్న్ యూనిట్ పోతే ఖర్చు ఎక్కువ, మినార్ ఎక్కి మార్చాల్సిన శ్రమ అదనం.

సొంతంగా మూత తీయొద్దు

ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. ట్యూబ్‌లతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్లలో అది వందల వోల్టులు ఉండొచ్చు, ప్రాణాలకే ప్రమాదం. ‘గుయ్’ శబ్దం పోతుందని ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను తీసేయడం ఇంకా పెద్ద తప్పు. మెషిన్‌లో లోపం వస్తే మైక్ పట్టుకున్న మనిషికే షాక్ కొట్టొచ్చు.

మెకానిక్‌కు ‘టప్ వస్తోంది’ అని మాత్రమే చెబితే సరిపోదు. ఏ స్విచ్‌కు, ఎన్నోసారి, వాల్యూమ్ సున్నాలో ఉన్నా వస్తోందా అన్నది కూడా చెప్పాలి. వాల్యూమ్ కంట్రోల్ దగ్గర డీసీ ఎంత ఉందో మీటర్‌తో చూడమనాలి. సాధారణంగా అక్కడ సున్నా ఉండాలి. పరిగి, వికారాబాద్, తాండూరులో దొరకని భాగాలు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. జల్సా రోజున కంగారుపడే కన్నా వారం ముందే చూపించుకోవడం మేలు.