పరదేశీ విద్యార్థులు – మన ఆతిథ్యం

చదువు కోసం పరదేశీయులు తెలుగు నేలకు రావడం ఈనాటి ముచ్చట కాదు. నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్దపు శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ సుమారు 639-40 ప్రాంతంలో ధాన్యకటకం వచ్చాడు. అక్కడ ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు అభిధర్మం చదువుకున్నాడు. బదులుగా తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్ళకు చెప్పాడు. ఈనాటి విశ్వవిద్యాలయాలు ‘విద్యార్థుల మార్పిడి’ అంటున్నది సరిగ్గా ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే.

ఆధునిక కాలంలో ఈ బాట వేసినవారిలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఒకటి. 1961లో అది ‘కాలేజ్ ఇయర్ ఇన్ ఇండియా’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థులు వేసవిలో మ్యాడిసన్‌లో భాష నేర్చుకుని, తర్వాత ఒక విద్యాసంవత్సరం భారతదేశంలో గడిపేవారు. ఒక అంశం ఎంచుకుని, జనంలో తిరిగి, పరిశోధన వ్యాసం రాయాలి. వాళ్ళు వచ్చిన ఊళ్ళలో మన వాల్తేరు కూడా ఉంది. 1971లో వెల్చేరు నారాయణరావు గారు ఆ విశ్వవిద్యాలయానికి తెలుగు చెప్పడానికి వెళ్ళారు. అక్కడే డాక్టరేట్ చేసిన సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు శాసనాల ఆధారంగా 2001లో మధ్యయుగ ఆంధ్రపై పుస్తకం ప్రచురించారు. ఫిలిప్ వాగనర్ ‘రాయవాచకము’ను ఇంగ్లీషులోకి తెచ్చి 1993లో ప్రచురించారు. విద్యార్థులకు తెలుగు నేర్పిన శ్రమ ఎక్కడ ఫలించిందో చూడండి: మన చరిత్ర ప్రపంచానికి తెలిసింది.

తర్వాతి మజిలీ హైదరాబాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998లో ‘స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్’ ప్రారంభించింది. విదేశీ విద్యార్థి ఒక సెమిస్టరో రెండో ఇక్కడ చదివితే, ఆ మార్కులు క్రెడిట్ల రూపంలో వాళ్ళ కాలేజీ లెక్కలో పడతాయి. కొందరు క్యాంపస్ హాస్టల్లో ఉంటారు, కొందరు కుటుంబాలతో ఉంటారు.

ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడిన మా ఇంటికి ఒకసారి సంక్రాంతికి అలాంటి అమ్మాయి ఒకరు వచ్చింది. అప్పట్లో విదేశీయులకు ఇంట్లో బస ఇస్తే 24 గంటల్లోగా ‘ఫారం సి’ ద్వారా అధికారులకు తెలపాల్సి ఉండేది. ఇంజనీరును కదా, ఆ పని ముందే పూర్తిచేశాను. భాష సంగతికే నా దగ్గర ఫారం లేదు! అమ్మ కోడుమూరు నుంచి వచ్చి ఉంది. ఉగ్గాని, బజ్జీ పళ్ళెంలో పెట్టి, “ఏమ్మా, ఎట్లుండావు? ఇంగరవ్వంత పెట్టేదా?” అంది. ఆరు నెలలు తెలుగు చదివిన పిల్ల తెల్లబోయింది. వెంటనే నోటుబుక్కు తీసి, ఈ మాటలు ఏ పాఠంలో ఉన్నాయని అడిగింది. “పాఠంలో యాడుంటాయమ్మా, నోట్లో ఉంటాయి గానీ” అంది అమ్మ. ఆ పిల్ల ఉన్న మూడు రోజులూ వంటింట్లోనే అమ్మ వెంబడి తిరిగింది. బడిలో మనం ఎర్ర సిరాతో దిద్దించుకున్న మాటలను ఒకరు శ్రద్ధగా రాసుకోవడం నేను చూడటం అదే మొదలు.

అయితే ఈ మార్పిడిలో ఒక వెలితి ఉంది. ఒప్పందం ప్రకారం రెండు వైపుల పిల్లలూ వెళ్ళిరావచ్చు. సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది గానీ, విమానం టిక్కెట్టు, వీసా, అక్కడి తిండి, బస ఖర్చులు విద్యార్థివే. మన కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు పిల్లలకు సీటు అందినా టిక్కెట్టు అందదు. హ్యూయన్‌త్సాంగ్ నాటి ఇచ్చిపుచ్చుకోవడంలో మనకు పుచ్చుకునే వంతు తగ్గిపోయింది.

మన సంఘానికి నా మనవి రెండు మాటలు. ఒకటి: కర్నూలులో 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయంతోనో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంతోనో మాట్లాడి, ఏటా కొందరు విదేశీ విద్యార్థులు వారం రోజులు మన ఊళ్ళో ఉండేలా చూద్దాం. హంద్రీ వాగు, గాజులదిన్నె ప్రాజెక్టు, మగ్గాలు, ఆదోని పత్తి మార్కెట్టు, 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘం – చూపించడానికి మనకు కొదవ లేదు. రెండు: మన బడిలో చదివి, కాలేజీలో అలాంటి అవకాశం సంపాదించిన పిల్లల ప్రయాణ ఖర్చుకు ఒక నిధి పెడదాం.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. వచ్చినవాళ్ళు బడి చూస్తామంటారు. పడమటి పల్లెల్లో సుగ్గి కాలంలో అమ్మానాన్నలు మిరపకోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వెళ్తే, పిల్లలూ వెంట పోతారు. బెంచీలు ఖాళీగా ఉంటాయి. “ఈ పిల్లలు ఏరి?” అని అతిథి అడిగితే, ఏం చెప్తాం? సీజనల్ హాస్టళ్ళలో ఎందరు నిలుస్తున్నారు, ఎందరు నిలవడం లేదు అన్నది బడివారీగా మనమే లెక్క తీసి, చేతనైన సాయం చేయాలి. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే అలుకుపూత చేసుకోవడం మన అలవాటు. ఆ పని సుగ్గికి పోయే పిల్లల దగ్గర మొదలుపెడితే, వచ్చే అతిథులకంటే ముందు మన బడికే మేలు జరుగుతుంది.

స్వర్ణోత్సవ సభలో ఈ రెండు ప్రతిపాదనలనూ చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. నిధికి నా వంతు మొదటి విడత సిద్ధంగా ఉంది.