పళ్లెం పంపడం వేరు

మొన్న ఆదివారం సాయంత్రం మా అమ్మాయి వంటింట్లో దూరింది. నిన్నటి బ్రెడ్డు ముక్కల్ని పెనంమీద కరకరలాడేట్టు కాల్చి, వేడిమీదే వెల్లుల్లి రెబ్బ రుద్దింది. పైన సన్నగా తరిగిన టమాటా, చిటికెడు ఉప్పు, చెంచాడు ఆలివ్ నూనె, నాలుగు రుద్రజడ ఆకులు. అదేనండీ, మనం సబ్జా గింజలు తీసే మొక్కే!

"ఇది బ్రుస్కెట్టా అమ్మా. ఇటలీలో భోజనానికి ముందు పెడతారు" అంది.

రుచి చూస్తే మా అమ్మమ్మ చద్దన్నం, ఉల్లిపాయ గుర్తొచ్చాయి. పారేయవలసిన దాన్ని పండగ చేయడం ఏ దేశంలోనైనా పేదింటి ఇల్లాలి తెలివే. నిప్పులమీద కాల్చడమనే మాటలోంచే ఆ పేరు పుట్టింది. టమాటా మాత్రం 16వ శతాబ్దంలో అమెరికా ఖండంనుంచి ఇటలీ చేరిన చుట్టం.

ఇటలీ అనగానే నాకు మన మెదక్ చర్చి మెదిలింది. అక్కడి నేలమీది రంగురంగుల పలకల్ని పరిచింది ఇటలీ మేస్త్రీలేనని చెబుతారు. ఆ ఎత్తయిన గోపురం చూసి అందరూ రాతిపని మెచ్చుకుంటారు. నాకు మాత్రం దాని పునాదిలో అన్నం కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ప్రాంతంలో కరువు. ఆకలితో వచ్చినవాళ్లకి చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు మతగురువు పని చూపించి తిండి పెట్టాడు. అలా లేచిన చర్చికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కష్టపడి తిన్న అన్నం కనుక ఎవరూ తల వంచుకోనక్కర్లేకపోయింది.

అన్నం పెట్టడం ఒక ఎత్తు, కలిసి తినడం మరో ఎత్తు. తొలినాటి క్రైస్తవులు ప్రేమవిందు అని అందరూ ఒకచోట భోంచేసేవారు. అక్కడా తేడాలొచ్చాయి. కొరింథులో కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లని పస్తుంచుతున్నారని పౌలు మందలిస్తూ ఉత్తరమే రాశాడు.

ఆయన మా ఇంటికొచ్చినా మందలించేవాడే! నా చిన్నప్పుడు క్రిస్మస్ వస్తే వెనకింటి టీచరమ్మ పళ్లెంనిండా కేకు, గరిజెలు పంపేది. మా అమ్మ నవ్వుతూ అందుకుని, తలుపు వేయగానే అంతా పనిమనిషి కొంగులో పోసేది. 'వాళ్ల చేతివంట' మనం తినకూడదట. ఉత్త పళ్లెం తిరిగి పంపకూడదని మాత్రం అందులో గుప్పెడు పంచదార పోసేది. మర్యాద తప్పలేదు. మనసే తప్పింది. ఆ పంచదార పళ్లెం పట్టుకెళ్లి ఇచ్చొచ్చింది నేనే. టీచరమ్మ నా తల నిమిరి, "కేకు బాగుందా బిడ్డా?" అనేది. బాగుందనేదాన్ని.

ఆదివారంనాడు ఆరు ముక్కలు పళ్లెంలో పెట్టి, "ఎదురింటి వదినకి ఇచ్చిరానా?" అంది మా అమ్మాయి. ఆ వదినా చర్చికి వెళ్లే మనిషే.

"పంపొద్దు. పద, ఇద్దరం వెళదాం" అన్నాను.

ముగ్గురం వాళ్ల వంటింటి గట్టు దగ్గర నిలబడే తిన్నాం. తర్వాత వదిన పొద్దుటి పులిహోర తీసింది. ఒకే పళ్లెంలో.