ప్లైవుడ్ షీటు కారెక్కిన కథ

అమెరికాలో కొత్త బండి కొనడానికి షోరూముకెళ్లి, ముందు వెనక తలుపు ఎత్తించి టేపుతో కొలిచేవాళ్లు కొందరుంటారు. ఇంజిన్ సంగతి తర్వాత. వాళ్లకి కావలసిన అంకె 48 అంగుళాలు. వెనక చక్రాల మీద లోపలికి పొడుచుకొచ్చే రెండు గుబ్బల మధ్య ఆ మాత్రం ఖాళీ ఉంటే ప్లైవుడ్ షీటు నేలమీద చదునుగా పడుకుంటుంది. అంగుళం తగ్గిందా, గుబ్బ మీదికెక్కి ఒక పక్కకి ఒరుగుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా జారుతుంది.

ఈ 48 అంగుళాల లెక్క కార్ల కంపెనీలది కాదు, గోడలది. అక్కడి ఇళ్ల గోడలు చాలావరకు కర్రవే. వాటి నిలువు చెక్కల మధ్య దూరం 16 అంగుళాలు. వాటికి అడ్డంగా సన్నటి బద్దలు కొట్టి పైన గచ్చు పూసేవారు. ఆ బద్దల పొడవు నాలుగడుగులు, అంటే సరిగ్గా మూడు ఖాళీలు. బద్దలు పోయి జిప్సం బోర్డులు, ప్లైవుడ్ వచ్చినా చెక్కల మధ్య దూరం మారలేదు. కాబట్టి షీటే గోడ కొలతకు తలవంచింది.

ప్లైవుడ్‌కీ కారుకీ చుట్టరికం అంతకు ముందునుంచే ఉంది. 1905లో ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జరిగిన ప్రదర్శనలో పెట్టడానికి అక్కడి పోర్ట్‌లాండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ డగ్లస్ ఫర్ చెక్క పొరలను జిగురుతో అతికించి పలకలు చేసింది. జిగురు పూయడానికి రంగులేసే బ్రష్షులు, నొక్కిపెట్టడానికి ఇళ్లను పైకెత్తే జాకీలు వాడారట. మొదట తలుపులవాళ్లు కొన్నారు. 1920 ప్రాంతంలో కార్లవాళ్లు కొన్నారు, అదీ రన్నింగ్ బోర్డుల కోసం. అంటే ఈ చెక్క సరుకుగా కారెక్కకముందే మెట్టుగా దాని పక్కన వేలాడింది. అది ఎంతోకాలం సాగలేదు. అప్పటి జిగురు నీటికి ఆగేది కాదు, వానలో పొరలు విడిపోయేవి. కార్లవాళ్లు విసుగెత్తి రేకుకి మారిపోయారు. 1928లో నాలుగు బై ఎనిమిది అడుగుల షీటు ప్రామాణికమైంది. 1934లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ప్లైవుడ్ కంపెనీలో జేమ్స్ నెవిన్ నీటికి చెక్కుచెదరని జిగురు తయారుచేశాడు. అప్పటినుంచీ ప్లైవుడ్ ఇంటి బయటి పనులకూ నిలబడింది.

కారు కథ వేరే దారిలో నడిచింది. రైల్వే స్టేషన్లో దిగిన ప్రయాణికుల్నీ వాళ్ల పెట్టెల్నీ హోటలుకి చేర్చడానికి ఫోర్డ్ మోడల్ టీ చట్రాల మీద కర్రబాడీ కట్టించుకునేవారు. స్టేషన్ వ్యాగన్ అన్న పేరు అలా వచ్చిందే. 1923లో స్టార్ కంపెనీ దాన్ని నేరుగా ఫ్యాక్టరీ సరుకుగా అమ్మింది. 1935లో షెవర్లే సబర్బన్ ఉక్కు బాడీతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఊళ్ల శివార్లలో కొత్త ఇళ్లు వరసగా లేచాయి. శనివారం వచ్చిందంటే ఇంటాయనే సుత్తి పట్టుకుని అలమరలు బిగించడం రివాజైంది. అలాంటి ఇంటి ముందు నిలిచిన బండి స్టేషన్ వ్యాగనే.

ఈ వంశంలో నాకు ముచ్చటేసేది 1971లో జనరల్ మోటార్స్ తెచ్చిన పెద్ద వ్యాగన్లు. మీట నొక్కితే వెనక అద్దం పైకప్పులోకి, కింది తలుపు నేల అడుగుకి దూరిపోయేవి. షీటు లోపలికి తోసి తలుపు మూసేయొచ్చు, ఏ తాడూ అక్కర్లేదు. ఆ బండి పెట్రోలు తాగే తీరు మాత్రం భయంకరం. 1973లో చమురు కటకట వచ్చింది. 1975లో మైలేజీ చట్టం వచ్చింది. ఆ నిబంధనలు కార్ల మీద కఠినంగా, తేలికపాటి ట్రక్కుల మీద కాస్త ఉదారంగా ఉన్నాయి. కంపెనీలకి అది చాలు. ట్రక్కు కిందకొచ్చే కుటుంబ వాహనాల మీద పడ్డాయి. 1983 చివర్లో క్రైస్లర్ మినీవ్యాన్ వచ్చింది. వెనక సీట్లు పీకేస్తే నాలుగు బై ఎనిమిది షీటు పట్టాలన్నది దాని రూపకల్పనలోనే ఉన్న షరతు. ఆ సీట్లను మోసి గరాజులో పెట్టడం నడుం నొప్పి వ్యవహారం. 2005 మోడల్లో గానీ అవి నేలలోకి మడతపడలేదు.

తర్వాత మధ్యతరహా ఎస్‌యూవీల కాలం: 1990లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, ఆ పైన టొయోటా హైలాండర్, 2002లో హోండా పైలట్. నాలుగడుగుల షీటు చదునుగా పడుతుందని హోండా గర్వంగా చెప్పుకుంది. వెడల్పు సంగతి నిజమే. పొడవు మాట ఎవరూ గట్టిగా ఎత్తరు. ఈ బండ్లలో ముందు సీటు వెనకనుంచి తలుపు దాకా మామూలుగా ఎనిమిదడుగులుండదు. ఎనిమిదడుగుల చెక్కబద్దనైతే రెండు ముందు సీట్ల మధ్యనుంచి డ్యాష్‌బోర్డు దాకా తోసి తలుపు మూస్తారు. ముందు అద్దానికి తగిలేలా తోశారో, మొదటి గట్టి బ్రేకుకే అద్దం పగులుతుంది. షీటుకి ఆ సందు కూడా లేదు, తోక బయటే. మా ఇంటి ఎస్‌యూవీ ఇల్లంత ఉందని మురిసేవాళ్లు టేపు తెస్తే తెలుస్తుంది: చోటంతా మూడో వరస సీట్లకీ వాలు తలుపుకీ పోయింది.

వెనక తలుపు ఎత్తి తాడు కట్టి నడిపితే పొగగొట్టం గాలి లోపలికి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. బండితో ఇచ్చే పుస్తకాల్లోనే ఈ హెచ్చరిక ఉంటుంది. పైకప్పు మీదైతే బరువు లెక్క. చాలా మధ్యతరహా బండ్ల పైకప్పు 75 కిలోల ప్రాంతం దాటి మోయకూడదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కోటి దాదాపు 30 కిలోలు. రెండు సరే, మూడోది కూడదు. పైగా వేగంలో గాలి షీటు కిందికి దూరి ముందు అంచుని లేపుతుంది. ముందూ వెనకా కట్టకుండా నడుముకొక్కటే తాడు బిగిస్తే హైవే మీద ఆ షీటు వెనక కారు మీదికెళ్తుంది.

మన దగ్గరా షీటు ఎనిమిది బై నాలుగే. విజయవాడలో, హైదరాబాదులో దాన్ని సొంత కారులో ఎక్కించాలని ఎవరికీ తోచదు. షాపు బయట ట్రాలీ ఆటో ఉంటుంది, లేకపోతే 2005లో వచ్చిన టాటా ఏస్. దాని తొట్టి పొడవు ఏడడుగుల పైచిలుకే, షీటు కొస కాస్త బయటికొస్తుంది. అయినా కట్టేది, మోసేది దాన్నే వృత్తిగా చేసుకున్న మనిషి. న్యూజెర్సీలో బేస్‌మెంట్ పని సొంతంగా మొదలుపెట్టిన మనవాళ్లకి ఆ వసతి లేదు. డెలివరీ చార్జీ చూసి గుండె గుభేలుమంటే కారు తాళాలకేసి చెయ్యి పోతుంది.

అలాంటివాళ్లకి ఒక మాట. చాలా పెద్ద దుకాణాల్లో ప్లైవుడ్‌ని అక్కడే రంపం మీద కోసిస్తారు. కోతల కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. జిప్సం బోర్డులు ఎక్కువైతే దుకాణం ట్రక్కు గంటల లెక్కన అద్దెకి తీసుకోండి. దాని తొట్టిలో షీటు ఎదురుతిరగదు.